నా డ్రైవ్ నాది కాదు

నెలాఖరు. అదీ ఆదివారం రాత్రి. 1:40కి ఫోన్ మోగింది. ఆన్‌-కాల్ డ్యూటీ చేసేవాళ్లకి తెలుసు, ఆ టైమ్‌లో మోగే ఫోన్ ఇంటివాళ్లదైనా భయమే, ఆఫీసుదైనా భయమే. ఆఫీసుదే.

నెలంతా పోగైన లావాదేవీలన్నీ లెక్కకట్టి, తెల్లారి 9 గంటలకల్లా క్లయింట్‌కి రిపోర్టులు పంపే జాబ్ ఒకటి మా టీమ్‌లో ఉంది. అది సగంలో ఆగిపోయింది. మొదట నాకేం కంగారు పుట్టలేదు. ఇలా ఆగితే ఏం చెయ్యాలో ఒక్కో స్టెప్ రాసిపెట్టిన డాక్యుమెంట్ ఉందని నాకు తెలుసు. ఎప్పుడో ఎవరో గ్రూప్ చాట్‌లో లింక్ పెట్టడం కూడా గుర్తుంది. వెతికాను. దొరికింది. నొక్కాను.

ఈ ఫైల్ తెరవడానికి మీకు అనుమతి లేదు, ఓనర్‌ని అడగండి అని వచ్చింది.

ఓనర్ పేరు చూసి కాసేపు అలాగే కూర్చున్నాను. 12 రోజుల కిందట, ఒక మంగళవారం ఉదయం, పావుగంట కాల్‌లో ఉద్యోగం పోయిన మా సీనియర్ ఆయన. మేమంతా 'అన్నా' అనే పిలిచేవాళ్లం. ఆ ఫైల్‌ని ఆయన ఒకప్పుడు ఇద్దరితోనే పంచుకున్నాడు. అందులో ఒకరు నిరుడే కంపెనీ మారారు. రెండోవాళ్లు అన్నతోపాటే అదే మంగళవారం వెళ్లిపోయారు. అంటే ఫైల్ ఉంది, లింక్ ఉంది, తలుపు తీసే మనిషే లేడు.

ఆ రాత్రి లాగ్‌లు చదువుకుంటూ, ఒక్కో ముక్కా చేత్తో నడిపించుకుంటూ వచ్చేసరికి తెల్లారింది. రిపోర్టులు 9కి వెళ్లాల్సింది 11:30కి వెళ్లాయి. క్లయింట్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. మర్యాదగానే ఉంది. మర్యాదగా వచ్చే మెయిల్ ఎంత ప్రమాదమో ఈ కాలమ్ చదివేవాళ్లలో సగంమందికి నేను చెప్పక్కర్లేదు.

ఈ వారం రాయబోయేది ఆ రాత్రి గురించి కాదు. సోమవారం ఆ ఫోల్డర్ తెరిచాక మాకు కనిపించిన ఇంకో సంగతి గురించి.

ఒకే ఫోల్డర్, రెండు నష్టాలు

ఎవరైనా కంపెనీ వదిలి వెళ్లాక వాళ్ల ఆఫీసు డ్రైవ్ కొన్నాళ్లు మేనేజర్ చేతికి వస్తుంది. మా మేనేజర్‌కి ఆ మెయిల్ ఎప్పుడో వచ్చింది. చదవని మెయిల్స్ కుప్పలో అడుగున పడి ఉంది. సోమవారం మధ్యాహ్నం మీటింగ్ రూమ్‌లో కూర్చుని, ఆయన లాప్‌టాప్‌లో ఆ డ్రైవ్ తెరిచాం. అందులో ఏది మా టీమ్‌దో గుర్తుపట్టడానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

డాక్యుమెంట్ దొరికింది. పేరు 'మంత్ ఎండ్ స్టెప్స్ కొత్తది 2'. చాలా శ్రద్ధగా రాశాడు. దాంతోపాటు మేం ఎన్నడూ చూడని ఇంకో పదకొండు డాక్యుమెంట్లు దొరికాయి. పాత క్లయింట్ డేటా ఎందుకలా ఉంటుంది, ఏ సర్వర్‌ని ఏ వరసలో రీస్టార్ట్ చెయ్యాలి, ఏ ఎర్రర్‌ని పట్టించుకోనక్కర్లేదు... నాలుగేళ్ల అనుభవం అంతా ఒక మనిషి పర్సనల్ ఫోల్డర్‌లో ఉంది. టీమ్‌లో ఎవరికీ దాని సంగతి తెలియదు.

కిందకి స్క్రోల్ చేస్తే ఇంకో ఫోల్డర్ కనిపించింది. పేరు 'పాప'. దాని పక్కనే 'అన్నప్రాసన'.

మేనేజర్ చెయ్యి ఆగిపోయింది. మేం వాటిని తెరవలేదు. పేర్లు చాలు.

అవి అక్కడికి ఎలా వచ్చాయో తర్వాత అన్నే చెప్పాడు. ఫోన్ మార్చేటప్పుడు పాత ఫోన్‌లోని ఫొటోలన్నీ ఆఫీసు లాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. ఆ లాప్‌టాప్‌లో పిక్చర్స్ ఫోల్డర్ దానంతటదే ఆఫీసు డ్రైవ్‌లోకి బ్యాకప్ అవుతుంది. పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశాడు. తీరిగ్గా ఒక హార్డ్‌డిస్క్ కొని అందులోకి మార్చుకుందాం అనుకున్నాడు. మంగళవారం ఉదయం కాల్ అయ్యేలోపే లాప్‌టాప్ లాక్ అయిపోయింది.

అదే ఫోల్డర్‌లో కంపెనీ పోగొట్టుకున్నది ఉంది, ఆ మనిషి పోగొట్టుకున్నదీ ఉంది. దానిమీద రాసి ఉన్న పేరు మాత్రం ఒకటే, 'పర్సనల్'.

చాట్‌లో వేసిన ఫైల్ ఎక్కడికెళ్తుంది?

మా ఆఫీసులో ఏ సాఫ్ట్‌వేర్ వాడతామన్నది ఇక్కడ అనవసరం. పేర్లు మారతాయేమో గానీ లోపలి నిర్మాణం దాదాపు అన్నిట్లోనూ ఒకటే. ప్రతి ఉద్యోగికీ ఒక సొంత గది, ప్రతి టీమ్‌కీ ఒక ఉమ్మడి గది. మైక్రోసాఫ్ట్‌లో సొంత గది పేరు వన్‌డ్రైవ్, ఉమ్మడి గది షేర్‌పాయింట్ సైట్. గూగుల్‌లో మై డ్రైవ్, షేర్డ్ డ్రైవ్. చెన్నై కంపెనీ జోహో చేసిన వర్క్‌డ్రైవ్‌లో మై ఫోల్డర్స్, టీమ్ ఫోల్డర్స్.

మనం పొరపాటు పడేది ఎక్కడంటే, ఏది ఏ గదిలోకి వెళ్తోందో మనకి కనిపించదు. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌నే తీసుకోండి. ఛానల్‌లో ఒక ఫైల్ అటాచ్ చేస్తే అది ఆ టీమ్ షేర్‌పాయింట్ సైట్‌లోకి వెళ్తుంది. అదే ఫైల్‌ని ఒకరితోనో, గ్రూప్‌తోనో చాట్‌లో అటాచ్ చేస్తే అది పంపినవాళ్ల సొంత వన్‌డ్రైవ్‌లో, 'మైక్రోసాఫ్ట్ టీమ్స్ చాట్ ఫైల్స్' అనే ఫోల్డర్‌లో కూర్చుంటుంది. నొక్కే బటన్ చూడ్డానికి ఒకలాగే ఉంటుంది. ఫైల్ మాత్రం ఒకసారి టీమ్ ఆస్తి అవుతుంది, ఇంకోసారి ఒక మనిషి ఖాతాకి వేలాడుతుంది.

గూగుల్‌లోనూ అంతే. మై డ్రైవ్‌లో చేసిన ఫైల్‌ని యాభై మందితో పంచుకున్నా దాని ఓనర్ ఒక్కరే. షేర్డ్ డ్రైవ్‌లో పెడితే ఓనర్ మనిషి కాదు, సంస్థ. ఈ ఏర్పాటు 2017లో 'టీమ్ డ్రైవ్స్' పేరుతో వచ్చింది. 2019లో 'షేర్డ్ డ్రైవ్స్' అయింది. మనుషులు వస్తుంటారు, పోతుంటారు, ఫైల్ మాత్రం ఉన్నచోటే ఉండాలన్నదే దాని ఉద్దేశం.

మరి మనిషి వెళ్లిపోతే? ఇక్కడ గడియారం మొదలవుతుంది. మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగి ఖాతా తీసేశాక, కంపెనీ ఏమీ మార్చకుండా వదిలేస్తే, వన్‌డ్రైవ్ 30 రోజులు ఉంటుంది. అడ్మిన్ కావాలనుకుంటే ఆ గడువుని 10 ఏళ్లదాకా పెంచుకోవచ్చు. గడువు దాటితే రీసైకిల్ బిన్‌లో మరో 93 రోజులు ఉంటుంది. అక్కడినుంచి తీయడం అడ్మిన్ వల్లే అవుతుంది. ఆ తర్వాత ఇక లేదు. గూగుల్‌లో అయితే ఖాతా తీసేసేటప్పుడే ఫైళ్లని వేరేవాళ్ల పేరు మీదకి మార్చే వీలుంది. మార్చకుండా తీసేస్తే, ఆ ఖాతాని తిరిగి బతికించుకోవడానికి 20 రోజులు గడువు.

30, 20. మన జీతం పడే వ్యవధి కంటే ఎక్కువేం కాదు ఇవి. ఒక మనిషి నాలుగేళ్ల పనికి మిగిలే టైమ్ ఇంతే.

ముందు హాలు వచ్చింది, తర్వాత గది

చరిత్రలో చిన్న తమాషా ఉంది. ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో ముందు పుట్టింది ఉమ్మడి గదే. 1989లో లోటస్ కంపెనీ 'నోట్స్' అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. టీమ్ అంతా కలిసి వాడుకునే డేటాబేస్‌లు దాని ప్రత్యేకత. 1995లో ఐబీఎం లోటస్‌ని కొనేసింది. ఆ నోట్స్ చివరికి 2019లో మన దేశపు హెచ్‌సీఎల్ చేతికొచ్చింది. అదే 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్ మొదటి వికీ పెట్టాడు. ఎవరైనా వచ్చి పేజీ మార్చెయ్యొచ్చు. హోనలూలూ విమానాశ్రయంలో తిరిగే 'వికీ వికీ' బస్సు పేరు దానికి పెట్టుకున్నాడు. హవాయి భాషలో ఆ మాటకి 'గబగబా' అని అర్థం.

2001లో మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్ వచ్చింది. పేరులోనే షేర్ ఉంది. 2003 వెర్షన్‌లో దానికి 'మై సైట్' అని ఒక సొంత పేజీ చేర్చారు. అంతా హాలే ఉంటే మనిషికి ఊపిరాడదు కదా. ఒక మూల కావాలి. ఇవాళ మనం వాడే ఆఫీసు వన్‌డ్రైవ్ ఆ మూల నుంచి పెరిగిందే. కావాలంటే మీ ఆఫీసు వన్‌డ్రైవ్‌ని బ్రౌజర్‌లో తెరిచి పైన అడ్రస్ చూడండి. 'షేర్‌పాయింట్' అన్న మాట ఉంటుంది, తర్వాత 'పర్సనల్' అన్న మాట ఉంటుంది. మన సొంత గది కూడా కంపెనీ బిల్డింగ్‌లోదే అని ఆ అడ్రసే చెప్తోంది. మనమే ఎప్పుడూ చదవలేదు.

హాస్టల్ కబోర్డ్

నేను అమీర్‌పేట హాస్టల్‌లో ఉన్నప్పుడు ఒక్కొక్కరికీ ఒక ఇనప కబోర్డ్ ఇచ్చేవాళ్లు. తాళం మనమే వేసుకునేవాళ్లం. లోపల అమ్మ పంపిన ఆవకాయ సీసా, సర్టిఫికెట్లు, పండక్కి కొన్న చొక్కా, అన్నీ అందులోనే. అది మనది అనే అనిపించేది. కానీ డూప్లికేట్ తాళంచెవి ఓనర్ దగ్గర ఉండేది. ఖాళీ చేసే రోజున ఎంత తొందరలో ఉన్నా మన సామాను మనమే తీసుకోవాలి. తీసుకోకపోతే తర్వాత వచ్చేవాడి కోసం అంతా బయటపడేస్తారు. అలాగని పక్క బెడ్ వాడికి అవసరమైన రైస్‌కుక్కర్‌ని అందులో పెట్టి తాళం వేసుకుని ఊరెళ్తే? రూమంతా ఆకలితో ఉంటుంది.

ఆఫీసు పర్సనల్ డ్రైవ్ అచ్చం ఆ కబోర్డే. దాంతో మనకి రెండు భ్రమలు. మొదటిది, అది నాది అనుకోవడం. కాదు. ఖాతా కంపెనీది, తాళంచెవి అడ్మిన్ దగ్గర ఉంది, అవసరమైతే తెరుస్తారు, మనం వెళ్లిపోతే మూసేస్తారు. రెండోది, లింక్ పంపాను కాబట్టి అది టీమ్‌ది అనుకోవడం. అదీ కాదు. ఎవరికి అనుమతి ఇచ్చామో వాళ్లకే, మన ఖాతా బతికున్నంతవరకే.

అంటే మనం 'పర్సనల్' అనుకునే చోటు మనకి సొంతమూ కాదు, పక్కవాడికి అక్కరకొచ్చేదీ కాదు. రహస్యానికీ పనికిరాదు, పంపకానికీ పనికిరాదు. మరి దేనికి పనికొస్తుంది? చిత్తు ప్రతికి. ఇవాళ రాసి రేపు హాల్లోకి తెచ్చే పనికి. అంతకు మించి దేనికీ కాదు.

మరి ఎందుకు దాచుకుంటాం?

అన్నని తప్పు పట్టే ముందు నా డ్రైవ్ నేను చూసుకున్నాను. టీమ్‌కి పనికొచ్చే డాక్యుమెంట్లు 43 ఉన్నాయి నా పర్సనల్ ఫోల్డర్‌లో. అన్న దగ్గరకంటే నా దగ్గరే ఎక్కువ.

ఎందుకిలా అని నిజాయితీగా ఆలోచిస్తే ఒక పాత సంగతి గుర్తొచ్చింది. మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డిజైన్ డాక్యుమెంట్ని టీమ్ పేజీలో మొదలుపెట్టాను. సగం కూడా రాయలేదు. ముప్ఫైమంది ఉన్న ఛానల్‌లో ఒక పెద్దాయన దాని లింక్ పెట్టి, "ఇది ఎవరు రాశారు?" అని అడిగాడు. అంతే. తిట్టలేదు. నాలుగు నవ్వుల ఇమోజీలు పడ్డాయి. ఆ రోజు నుంచి ఏది రాసినా ముందు నా దగ్గరే, పూర్తయ్యాకే బయటకి అనుకున్నాను. డాక్యుమెంట్ అనేది ఎప్పటికీ పూర్తి కాదన్న సంగతి అప్పట్లో తెలియదు. అలా 43 'ఇంకా పూర్తి కానివి' పోగయ్యాయి.

ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని ఎవరూ పైకి అనరు, టీ దగ్గర మాత్రం అంటారు. "అన్నీ రాసి అందరికీ ఇచ్చేస్తే మనతో ఏం పని బ్రో? నాకొక్కడికే తెలిసింది కొంచెం ఉండాలి, అప్పుడే మనల్ని కదపరు" అని. లేఆఫ్‌ల కాలంలో ఈ మాట తప్పనిపించదు. కానీ అన్న విషయంలో ఏం జరిగింది? నెలాఖరు జాబ్ గురించి ఆయనకి ఒక్కడికే తెలుసు. ఆయన కావాలని దాచలేదు, అయినా ఆయనకి ఒక్కడికే తెలుసు. ఆ జ్ఞానం ఆయన్ని కాపాడిందా? ఎవరి పేరు ఉంచాలో, ఎవరి పేరు తీయాలో ఎక్కడో ఒక స్ప్రెడ్‌షీట్‌లో తేల్చేవాళ్లకి, ఆయన ఫోల్డర్‌లో ఏముందో తెలియనే తెలియదు. కనపడని పనికి విలువ కట్టేవాళ్లు ఎవరు? హాల్లో పెట్టి ఉంటే కనీసం పదిమందికి ఆయన పేరు తెలిసేది. ఉద్యోగం నిలిచేదని నేను అనను. దాచుకుంటే నిలుస్తుందన్నది మాత్రం భ్రమే.

మా ఫీల్డ్‌లో 'బస్ ఫ్యాక్టర్' అని ఒక మాట ఉంది. టీమ్‌లో ఎంతమంది ఒక్కసారిగా బస్సు కింద పడితే ప్రాజెక్ట్ ఆగిపోతుందో ఆ సంఖ్య. వినడానికి అశుభంగా ఉన్నా అడగాల్సిన ప్రశ్నే. మా నెలాఖరు జాబ్‌కి ఆ సంఖ్య ఒకటి. బస్సు రానే వచ్చింది. క్యాలెండర్ ఇన్విటేషన్ రూపంలో.

అలాగని అన్నీ హాల్లో పడేస్తే?

అదీ సరికాదు. ఉమ్మడి గది ఎలా తయారవుతుందో మనందరికీ తెలుసు. 'ఫైనల్', 'ఫైనల్ న్యూ', 'ఫైనల్ న్యూ దీన్నే వాడండి'. వెళ్లిపోయినవాళ్ల పేరుతో ఫోల్డర్లు. మూడేళ్ల కిందటి లంచ్ లిస్ట్. అందరిదీ అంటే చివరికి ఎవరిదీ కాదన్నట్టు.

ఇంకో ప్రమాదం, ఎవరికి కనపడకూడదో వాళ్లకి కనపడటం. 'కంపెనీలో లింక్ ఉన్న ఎవరైనా' అన్న ఆప్షన్ నొక్కేసి జీతాల షీట్ పంపినవాళ్లున్నారు. ఇదివరకు అలాంటి ఫైల్ ఎక్కడో మూల పడి ఉంటే ఎవరికీ దొరికేది కాదు. ఇప్పుడు ఆఫీసుల్లో ఏఐ అసిస్టెంట్లు వచ్చాయి. మైక్రోసాఫ్ట్ కోపైలట్ లాంటివి మనకి అనుమతి ఉన్న ఫైళ్లన్నీ వెతికి జవాబు చెప్తాయి. అనుమతి లేనివి చూపించవు. కానీ పొరపాటున అనుమతి ఇచ్చినవి? అవి కూడా అనుమతి ఉన్నట్టే లెక్క. మూలన పడి ఉంది కదా అనే ధీమా ఇక చెల్లదు.

అందుకే మా టీమ్‌లో ఆ నెల తర్వాత నాలుగు చిన్న పద్ధతులు పెట్టుకున్నాం. పెద్ద పాలసీ ఏం కాదు, ఒక టీ బ్రేక్‌లో తేలిన మాటలు.

ఒకటి. కొత్త డాక్యుమెంట్ మొదలుపెట్టే ముందు ఒకే ప్రశ్న: రేపు నేను రాకపోతే ఇది ఎవరికైనా కావాలా? కావాలి అంటే మొదటి లైన్ నుంచే ఉమ్మడి గదిలో రాయాలి. పేరు ముందు 'డ్రాఫ్ట్' అని పెట్టాలి.

రెండు. 'డ్రాఫ్ట్' అని ఉన్నదాని మీద అందరి ముందూ ఎవరూ వ్యాఖ్యానం చెయ్యకూడదు. ఏదైనా ఉంటే రాసినవాళ్లకి విడిగా చెప్పాలి. ఈ ఒక్క నియమం లేకపోతే మొదటిది నిలవదు. హాల్లో కూర్చుని రాయమని చెప్పి, రాసేవాడి వెనక నిలబడి నవ్వితే వాడు మళ్లీ గదిలోకే పోతాడు.

మూడు. పని ఫైళ్లు చాట్‌లో అటాచ్ చెయ్యొద్దు. ఛానల్‌లో పెట్టి, కావాలంటే ఆ లింక్‌ని చాట్‌లో పంపాలి. జీతాలు, పెర్ఫార్మెన్స్ రేటింగ్‌లు, క్లయింట్ రహస్యాలు ఉంటే పేరుపేరునా అనుమతి ఇవ్వాలి.

నాలుగు. టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు మొదటి వారం ముఖ్యమైన లింకులన్నీ నొక్కి చూడాలి. మనకి తెరుచుకుంటుంది కాబట్టి అందరికీ తెరుచుకుంటుందనుకుంటాం. ఏ తలుపు మూసి ఉందో కొత్తవాళ్లకే తెలుస్తుంది.

మా 43 ఇప్పుడు 6 అయ్యాయి. ఆ 6 నిజంగానే చిత్తు.

మీ సామాను మీరు తీసుకోండి

ఇప్పుడు రెండో వైపు. ఆఫీసు లాప్‌టాప్‌లో మీ సొంత వస్తువులు ఏమున్నాయో ఒకసారి గుర్తుచేసుకోండి. నాన్న హాస్పిటల్ రిపోర్టులు స్కాన్ చేసింది. హోమ్ లోన్ కాగితాలు. చెల్లెలి పెళ్లి ఖర్చుల లెక్క. ఆధార్ కాపీ. రెజ్యూమె. 'డెస్క్‌టాప్ మీదే కదా ఉంది' అనుకోకండి. చాలా ఆఫీసుల్లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు డ్రైవ్‌లోకి బ్యాకప్ అవుతూనే ఉంటాయి.

వాటిని ఈ వారాంతంలోనే మీ సొంత చోటుకి మార్చుకోండి. మీ ఆఫీసులో పెన్‌డ్రైవ్‌లు, బయటి మెయిల్స్ బ్లాక్ అయి ఉంటే దొంగదారులు వెతక్కండి. ఐటీ వాళ్లని అడగండి. సొంత కాగితాలు అని చెప్తే దారి చూపిస్తారు. కంపెనీ ఫైల్ ఒక్కటి కూడా ఆ మూటలో రాకూడదు. జ్ఞాపకంగా ఉంటుందని కోడ్ ముక్క ఒకటి సొంత మెయిల్‌కి పంపుకుని, వెళ్లేరోజు ఇబ్బందిపడాల్సిన పని లేదు. పేస్లిప్‌లు, ఫామ్ 16, ఆఫర్ లెటర్, రిలీవింగ్ లెటర్ ఇవన్నీ మీవే. పోర్టల్‌లో ఉన్నాయి కదా అని వదిలెయ్యకుండా ఎప్పటికప్పుడు డౌన్‌లోడ్ చేసుకుని మీ దగ్గర పెట్టుకోండి. లాగిన్ పోయాక పోర్టల్ కూడా పోతుంది.

మరి 'పాప' ఏమైంది?

ఆ సోమవారం సాయంత్రం మేనేజర్‌ని అడిగాను, "ఆ ఫొటోలు అన్నకి పంపొచ్చా సార్?" అని. "మనం ముట్టుకోకూడదు. ముందు హెచ్‌ఆర్‌ని అడుగుదాం" అన్నారు. అప్పుడు కోపం వచ్చింది గానీ ఆయన అన్నది సరైనదే. ఇంకొకరి గదిలోంచి ఏది తీసినా రాతపూర్వకంగా ఉండాలి. అన్న స్వయంగా ఒక మెయిల్ పెట్టాలన్నారు. ఐటీ వాళ్లు ఆ ఫోల్డర్లలో కంపెనీ ఫైళ్లు లేవని చూసి, అప్పుడు పంపుతారట. అప్పటికి 17 రోజులు మిగిలున్నాయి.

అన్నకి ఫోన్ చేశాను. ఆయన వెళ్లిపోయాక అదే మొదటిసారి చెయ్యడం. ఏం మాట్లాడాలో తెలియక ఎవరం చెయ్యలేదు. ఎత్తగానే ఆయన అడిగిన మొదటి మాట ఇది.

"తమ్ముడూ, మంత్ ఎండ్ నడిచిందా? ఏడో స్టెప్‌లో తేదీ మార్చాలి. అది రాశానో లేదో అని ఆదివారమంతా అదే ఆలోచన."

ఏడో స్టెప్‌లో అది లేదు. రాత్రి నాకు మూడు గంటలు పట్టింది దాని దగ్గరే.

నడిచింది అన్నా అన్నాను. ఫొటోల గురించి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "అడుగుదామనే అనుకున్నా రా. ఆఫీసు లాప్‌టాప్‌లో ఎందుకు పెట్టావంటారేమోనని సిగ్గేసింది. ఉద్యోగమే పోయింది, ఇంకా ఫొటోల కోసం బతిమాలడమేంటి అనిపించింది. మీ వదినకి ఇంకా చెప్పలేదు."

మెయిల్ ఆ రాత్రే పెట్టాడు. మూడుసార్లు గుర్తుచేయాల్సి వచ్చింది. గడువుకి ఇంకా 6 రోజులుండగా ఐటీ నుంచి ఆయనకి లింక్ వెళ్లింది. ఆ సాయంత్రం నాకు వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. అన్నప్రాసన రోజు పాప ముందు పుస్తకం, పెన్ను, బంగారం, పువ్వులు వరసగా పెట్టి ఉన్నాయి. పాప వాటిలో దేన్నీ ముట్టుకోలేదు. చేతులు చాపి, ఫొటో తీస్తున్నవాడి వైపు పాక్కుంటూ వస్తోంది.

ఆ ఆదివారం రాత్రి జాబ్ ఆగకపోయి ఉంటే ఆ ఫోల్డర్‌ని మాలో ఎవరూ తెరిచేవాళ్లం కాదు. ఆయన అడిగేవాడు కాదు. 30వ రోజు వచ్చేది, వెళ్లిపోయేది.

కాబట్టి ఈ శనివారం ఒక అరగంట పెట్టుకోండి. మీ ఆఫీసు డ్రైవ్ తెరవండి. టీమ్‌కి కావాల్సినవి హాల్లోకి మార్చండి. మీకు కావాల్సినవి ఇంటికి తెచ్చుకోండి. ఇంకొక్క పని కూడా. ఈమధ్య మీ టీమ్‌లోంచి ఎవరైనా వెళ్లిపోయి ఉంటే ఒకసారి ఫోన్ చెయ్యండి. "మీవేమైనా ఇక్కడ ఉండిపోయాయా?" అని అడగండి. వాళ్లంతట వాళ్లు అడగరు.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం.